కోట కనిపించని చోటికి పిల్లల్ని తీసుకెళ్లండి

గోల్కొండ చూసొచ్చిన పిల్లలకి న్యూయార్క్‌లో అద్దాల మేడలు తప్ప చరిత్రేముందని అనిపిస్తుంది. న్యూజెర్సీలో ఉండే మనవాళ్లు ఒక శనివారం కేటాయిస్తే చాలు. 1807 తర్వాత బ్రిటిష్ నౌకాదళం వచ్చిపడుతుందన్న భయంతో హడ్సన్ ఒడ్డునా, హార్బర్ దీవుల్లోనూ కోటలు కట్టారు. వాటిలో కొన్ని మిగిలాయి, కొన్ని పోయాయి. పిల్లల బుర్రకి పోయినవే ఎక్కువ పని పెడతాయి.

బ్యాటరీ పార్క్‌లో మిగిలివున్న క్యాజిల్ క్లింటన్‌తో మొదలుపెట్టండి. లిబర్టీ విగ్రహం ఫెర్రీ టికెట్లు అమ్మేదీ అక్కడే కాబట్టి పొద్దున్నే వెళ్లకపోతే క్యూల మధ్య ఏమీ కనబడదు. 1811లో 28 ఫిరంగుల ఈ కోట ఒడ్డుకి సుమారు 200 అడుగుల అవతల, నీళ్లలో ఉండేది. తర్వాత మధ్యనున్న నీళ్లని పూడ్చేశారు. ఎదురుగా గవర్నర్స్ ఐలాండ్‌లో గుండ్రంగా ఉన్నది క్యాజిల్ విలియమ్స్. రెండింటి నడుమకి వచ్చిన ఓడ మీద రెండువైపులనుంచీ గుండ్లు పడాలన్నది పథకం. 1812లో బ్రిటన్‌తో మొదలైన యుద్ధంలో క్యాజిల్ క్లింటన్ ఒక్క గుండూ పేల్చలేదు. మరి డబ్బు దండగేనా అని పిల్లల్నే అడగండి, జవాబు మీరు చెప్పకండి.

తర్వాత పెర్ల్ స్ట్రీట్. ఒకప్పుడు ఈస్ట్ రివర్ ఒడ్డు అదే. నదివైపు నడిస్తే వరసగా వాటర్, ఫ్రంట్, సౌత్ వీధులొస్తాయి, అంతా పూడ్చిన నేలే. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ సైట్‌లో పాత మ్యాపులు ఉచితం. ఫోన్‌లో చూపిస్తే రెండు నిమిషాల్లో పిల్లలు మ్యాపు వదిలేసి గేమ్‌లోకి వెళ్లిపోతారు. అందుకే 11×17 అంగుళాల కాగితంపై ప్రింట్ తీసి, పాత ఒడ్డుని ఎర్ర స్కెచ్‌పెన్‌తో వాళ్లచేతే గీయించండి. చాలా మ్యాపుల్లో ఉత్తరం పైన ఉండదు. ముందు బ్రాడ్‌వే వెతికి కాగితం తిప్పుకోవాలి.

విట్నీ మ్యూజియం దగ్గరి ఫోర్ట్ గాన్స్‌వోర్ట్‌కి వీధి పేరు తప్ప ఆనవాలు లేదు. చిన్నపిల్లలుంటే అది ఇంకోరోజు పెట్టుకోండి.

ఆ కళ్లతోనే ఇండియా వెళ్లినప్పుడు బందరు కోట చూపించండి. 1759లో ఫ్రెంచివాళ్లు చుట్టూ ఉన్న బురదే కాపలా అనుకున్నారు. వాళ్లమీదికొచ్చిన ఇంగ్లిష్ సేనాని ఫోర్డ్ దళంలో ఒక భాగం రాత్రిపూట ఆ బురదలోంచే వచ్చింది. 1864 తుపాను ఊరిని ముంచేసింది. శిథిలాల దగ్గర నిలబెట్టి, ఫిరంగులు ఏవైపు పెట్టేవాళ్లని అడగండి. డిసెంబరు సెలవులైతే మేలు. మే నెలలో పది దాటాక ఆ ఎండలో వాదించే ఓపిక ఎవరికీ ఉండదు.