షిఫ్టు మార్చారని పేపర్ పెట్టేముందు

పగటి జనరల్ షిఫ్టులో ఉన్న మనిషిని రేపటి నుంచి సి షిఫ్టుకు, అంటే రాత్రి డ్యూటీకి రమ్మంటారు. కుదరదంటే "ఇష్టముంటే చెయ్, లేకుంటే పేపర్ పెట్టెయ్" అంటారు. యర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ అయినా, కొప్పర్తి పారిశ్రామికవాడలో షెడ్డయినా ఆ పూట వచ్చే ఆలోచన ఒకటే: మానేస్తే ఈఎస్ఐ (కార్మికుల బీమా) వాళ్లు మూణ్నెల్లు డబ్బులిస్తారంట కదా! ఇస్తారు. పేపర్ పెట్టినవాళ్లకు, అంటే రాజీనామా చేసినవాళ్లకు మాత్రం ఇవ్వరు.

ముందు షిఫ్టు సంగతి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 9ఎ సెక్షన్ ఉండేది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ 40వ సెక్షన్ వచ్చింది. రెండింటి సారం ఒక్కటే: షిఫ్టు పద్ధతిని కొత్తగా పెట్టాలన్నా, మార్చాలన్నా, ఎత్తేయాలన్నా యాజమాన్యం 21 రోజుల ముందు నోటీసివ్వాలి. స్టాండింగ్ ఆర్డర్స్‌లో (ఫ్యాక్టరీ పని నిబంధనల్లో) ఉన్న ప్రకారమే మారిస్తే ఈ నోటీసు అక్కర్లేదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఫ్యాక్టరీలో ఎ, బి, సి షిఫ్టులు ముందునుంచే నడుస్తూ, అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో "ఏ షిఫ్టులోనైనా పనిచేయాలి" అన్న లైను ఉంటే, ఒక్క మనిషిని అటునుంచి ఇటు మార్చడం మామూలుగా యాజమాన్యం హక్కే. లేని రాత్రి షిఫ్టును కొత్తగా తెచ్చినా, వేళలు మొత్తం మార్చినా కథ వేరు. అందుకే ఎవరితోనైనా గొడవపడేముందు ఆ ఆర్డర్ బయటికి తీసి చదవండి. కాంట్రాక్టర్ కింద పనిచేసేవాళ్లకు అసలు ఆ కాగితమే ఇచ్చి ఉండరు. అప్పుడు పే స్లిప్పులు, గేటు పాసు, హాజరు మెసేజీలే ఆధారం.

మహిళలకు ఇంకో రక్షణ ఉంది. సాయంత్రం 7 తర్వాత, ఉదయం 6 లోపు పని చేయించాలంటే వాళ్ల సమ్మతి కావాలి, భద్రత ఏర్పాట్లూ ఉండాలి. సమ్మతి పత్రమని ఖాళీ కాగితం మీద సంతకం అడిగితే పెట్టొద్దు.

కొత్త షిఫ్టు నచ్చలేదని డ్యూటీకి పోకుండా ఇంట్లో కూర్చోవడం అన్నిటికన్నా చెడ్డ దారి. నాలుగు రోజులకు గైర్హాజరు నోటీసొస్తుంది. ఆపైన "తనంతట తానే మానేశాడు" అని రాసుకుంటారు. డ్యూటీకి పోతూనే ఉత్తరం ఇవ్వండి: "ఫలానా తేదీన నన్ను సి షిఫ్టుకు మార్చినట్టు నోటిమాటగా చెప్పారు. నాకు సమ్మతి లేకున్నా డ్యూటీకి వస్తున్నాను. రాత్రి పూట మా ఊరికి బస్సు లేదు. పాత షిఫ్టు ఇప్పించండి." ఇంట్లో మంచాన పడినవాళ్లుంటే ఆ సంగతీ రాసి డాక్టరు చీటీ జత చేయండి. రెండు కాపీలు తీసి ఒకదాని మీద టైమ్ ఆఫీసులో ముద్ర, తేదీ వేయించుకోవాలి. తీసుకునేది లేదంటే స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్ చేసి పంపండి. ఆపైన కార్మిక శాఖకు ఫిర్యాదు. గనులు, సిమెంటు పరిశ్రమల వివాదాలను ఇన్నాళ్లూ కేంద్ర కార్మిక శాఖే చూస్తూ వచ్చింది. మంగంపేట ముగ్గురాళ్ల గని మనిషి రాష్ట్ర ఆఫీసుకు పోతే ఒక రోజు కూలీ పోయినట్టే.

ఇక డబ్బు లెక్క. ఈఎస్ఐలో నిరుద్యోగ భృతి లాంటివి రెండున్నాయి. మొదటిది 2018లో వచ్చిన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. సగటు రోజు సంపాదనలో 25 శాతంతో మొదలైంది, 2020 మార్చి 24 నుంచి 50 శాతం చేశారు. జీవితంలో ఒక్కసారే, గరిష్ఠంగా 90 రోజులు. నెలకు 15,000 వచ్చే మనిషికి రెండేళ్ల సంపాదన 3,60,000. దాన్ని రెండేళ్ల రోజులు 730తో భాగిస్తే రోజుకు 493 రూపాయలు, అందులో సగం 246 చిల్లర. తొంభై రోజులకు దాదాపు 22,190. అంటే నెలన్నర జీతం కూడా నిండదు. పైగా ఉద్యోగం పోయిన 30 రోజులకు గానీ అప్లై చేయడానికి లేదు.

దీనికి రెండేళ్లు ఈఎస్ఐ కింద పనిచేసి ఉండాలి. పని పోవడానికి ముందటి ఆరునెలల చందా కాలంలో 78 రోజులు, దానికి ముందున్న మూడింటిలో ఏదో ఒకదానిలో మరో 78 రోజులు చందా కట్టి ఉండాలి. తనంతట తాను మానుకున్నా, తప్పు చేశాడని తీసేసినా రాదు. ఈ పథకాన్ని గడువు పెట్టి పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి ఇప్పుడు అమల్లో ఉందో లేదో ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో కనుక్కుని కదలండి.

రెండోది 2005 నాటి రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన. ఫ్యాక్టరీ మూతపడినా, రిట్రెంచ్‌మెంట్ (మనుషుల తగ్గింపు) కింద తీసేసినా వర్తిస్తుంది. మొదటి 12 నెలలు 50 శాతం, తర్వాతి 12 నెలలు 25 శాతం. ఎంత తేడానో చూడండి. షిఫ్టు ఎత్తేసి మనుషుల్ని తగ్గిస్తూ "రాజీనామా రాసిస్తే సెటిల్‌మెంట్ తొందరగా చేస్తాం" అంటే పోయేది ఇదే. దీంతోపాటు నెల నోటీసు జీతం, పనిచేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు జీతం చొప్పున పరిహారం కూడా పోతాయి.

కాబట్టి పని పోయినప్పుడు ఈఎస్ఐ పోర్టల్లో కంపెనీ ఏ కారణం ఎక్కించిందో కనుక్కోండి. తీసేసి కూడా "లెఫ్ట్ సర్వీస్" (తనే మానేశాడు) అని పెడితే వెంటనే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఈఎస్ఐలో పొడి అక్షరంగా ఉంటే క్లెయిము ఆగుతుంది. అది ఉద్యోగంలో ఉండగానే సరిచేయించుకోవడం తేలిక. పీఎఫ్‌లో మానేసిన తేదీ కంపెనీ వేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత యూఏఎన్ (పీఎఫ్ నంబరు) లాగిన్‌లో మీరే వేసుకోవచ్చు. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు పనిచేస్తుంటే చాలు, ఓటీపీ దానికే వస్తుంది.