తొడిమ దగ్గర చూడండి

పోయిన ఆదివారం మా వీధి చివర బండి మీద ఒక ఖర్బూజ కొన్నాను. గట్టిగా ఉంది. "బియ్యం డబ్బాలో పెట్టమ్మా, నాలుగు రోజుల్లో మాగుతుంది" అన్నారు మా అత్తయ్య. మాగింది కూడా. గురువారానికి వంటిల్లంతా ఒకటే వాసన. కోస్తే మెత్తగా ఉంది, తీపి మాత్రం లేదు. చక్కెర చల్లుకుని తిన్నాం. నాకు చాలా బాధేసింది, ఎందుకంటే ఈ సంగతి నాకు చిన్నప్పుడే తెలుసు.

మాది సిద్ధవటం దగ్గర. ఎండాకాలం వస్తే మా నాయన పెన్న ఇసుకలో తడి తగిలేదాకా గుంతలు తీసి, పశువుల ఎరువు వేసి దోస పెట్టేవాడు. ఖర్బూజ అన్న మాట మాకు తర్వాత వచ్చింది. ఇంట్లో అది దోసపండే. ఒకసారి బాగా పసుపెక్కిన కాయ ఒకటి కనిపిస్తే నేను మెలితిప్పి తెంచేశాను. నాయన కోప్పడలేదు. దాన్నీ, పక్క పాదులో దానంతట అదే ఊడిన పండునూ కోసి, ఒక్కో ముక్క నా చేతిలో పెట్టి "తిను" అన్నాడు. రెండింటిదీ ఒకే రంగు. నేను తెంచింది చప్పిడి.

మామిడి, అరటి కాయగా ఉన్నప్పుడే లోపల పిండి దాచుకుంటాయి. కోశాక ఆ పిండే చక్కెర అవుతుంది. దోసకూ పుచ్చకాయకూ అలా దాచుకున్న పిండి ఉండదు. ఆకులు చేసిన చక్కెర తీగలోంచి రావాల్సిందే, అదీ ఎక్కువగా చివరి వారం పది రోజుల్లో వస్తుంది. ఆ రోజుల్లో నాయన కడవతో పోసే నీళ్లు తగ్గించేవాడు. బూడిద తెగులుకు ఆకులు ఎండిన ఏడాది కాయ ఎంత లావున్నా తీపి ఉండేది కాదు. తెంచాక మాగబెడితే మెత్తబడుతుంది, వాసన వస్తుంది, అంతే.

అందుకే వలగీతల ఖర్బూజ కొనేటప్పుడు నేను ముందు తొడిమ దగ్గర చూస్తాను. పండినది తొడిమను తనే వదిలేస్తుంది, అక్కడ నున్నటి చిన్న గుంట మిగులుతుంది. కోసిన తొడిమ ముక్క అతుక్కుని ఉంటే తొందరపడి తెంచారన్నమాట. నున్నటి తొక్క ఉండే రకాలు కొన్ని పండినా తొడిమను వదలవు. వాటిని పువ్వు రాలిన చివర బొటనవేలితో మెల్లగా నొక్కి, వాసన చూసి తీసుకోవాలి.

పుచ్చకాయ సంగతి వేరు, అది ఎంత పండినా ఊడదు. తోటలో అయితే కాయ పక్కనున్న నులితీగ ఎండిందా అని చూసేవాళ్లం. బజారులో తిరగేసి, నేలకు ఆనిన మచ్చ చూడండి. తెల్లగా ఉంటే పచ్చిది, వెన్న రంగు దాటి పసుపెక్కి ఉంటే మంచిది. తట్టి చూడటం కూడా పనికొస్తుంది కానీ చెవికి అలవాటు కావాలి, నాకు మచ్చ మీదే నమ్మకం. ఇంకోటి, బండివాళ్లు రుచికి ఇచ్చే ముక్క నడిమిది అయితే కాయంతా అంతే తీపి ఉంటుందనుకోకండి. పుచ్చకాయలో తీపంతా నడుమనే ఎక్కువ.

ఈ ఆదివారం మళ్లీ అదే బండి దగ్గరికి వెళ్లాను. ఆ కుప్పలో తొడిమ ఊడినవి రెండే దొరికాయి, రెండూ చిన్నవే. ఇవాళ ఒకటి కోశాం. గింజల దగ్గరి రసం కూడా వడగట్టుకుని తాగారు మా అత్తయ్య.