గలఁడో లేఁడో?

మా అక్కకు రొమ్ము క్యాన్సర్ చికిత్స పూర్తయి నాలుగేళ్లు దాటింది. ఆరు నెలలకోసారి చేయించుకోవలసిన పరీక్ష దగ్గరపడితే చాలు, కుడిచేత్తో దీపం వత్తి ఎగదోస్తూనే, తనకు తెలియకుండానే ఎడమచేత్తో చంకలో గడ్డ ఏదైనా తగులుతుందేమోనని తడుముకుంటుంది. మొన్న రాత్రి గజేంద్రమోక్షం చదువుతూ ఒక పద్యం దగ్గర ఆగిపోయి, "ఇన్నాళ్లు కాపాడిన స్వామినే అనుమానిస్తున్నానురా, పాపం కాదూ?" అని అడిగింది.

కలఁ డందురు దీనుల యెడఁ,
గలఁ డందురు పరమయోగి గణముల పాలం,
గలఁ డందు రన్నిదిశలను,
గలఁడు కలం డనెడువాఁడు గలఁడో లేఁడో?

ఈ మాట అన్నది నాస్తికుడు కాదు, మొసలి పట్టులో వెయ్యేళ్లు పెనగులాడి అలసిన భక్తుడు. పోతన ఆ సందేహాన్ని దాచలేదు. వెంటనే వచ్చే పద్యంలో "కలుగఁడే నాపాలి కలిమి సందేహింప" అంటూ దానిని పేరు పెట్టి మరీ పలికించాడు. "లావొక్కింతయు లేదు" అన్న మొర ఆ తరువాతనే వస్తుంది. అనుమానం ప్రార్థన నడుమనే ఉంది, అందుకు విష్ణువు అలిగినట్టు అష్టమ స్కంధంలో ఒక్క మాట కూడా లేదు, సరికదా సిరికైనా చెప్పకుండా బయలుదేరాడు.

రిపోర్టు కోసం ఎదురుచూసే మనిషిది కూడా ఇదే ప్రశ్న, కాకపోతే జబ్బు గురించి: ఉందో, లేదో. చికిత్స ముగిసినవారిలో ఈ భయం చాలా సాధారణమని మానసిక నిపుణులు చెబుతారు. మనమేమో "ఏం కాదు, దేవుడున్నాడు" అని ప్రేమతోనే వారి నోరు మూయిస్తాం. నేనూ ఎన్నోసార్లు ఆ పనే చేశాను.

ఈ భయానికే ప్రత్యేకించి ఆస్ట్రేలియాలో రూపొందించిన ఒక మానసిక చికిత్సను 222 మందితో పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. పది వారాల్లో అయిదుసార్లు జరిగే ఆ చికిత్సలో భయపడవద్దని చెప్పరు. ఆలోచన వచ్చినా దాని వెంట పోకుండా ధ్యాసను మళ్లించుకోవడం, వైద్యులు చెప్పిన మేరకే శరీరాన్ని పరీక్షించుకోవడం, బతుకులో తనకు విలువైన పనుల వైపు తిరిగి నడవడం నేర్పుతారు. కేవలం విశ్రాంతి సాధనలు నేర్చుకున్నవారి కంటే వీరిలో భయం ఎక్కువగా తగ్గింది. రెండూ ఒకటేనని అననుగాని, జారిన మనసును పదే పదే నామం మీదికి తెచ్చుకునేవారికి ఈ సాధన బొత్తిగా కొత్త కాదు. భయం నిద్రను, తిండిని చెడగొట్టే స్థాయికి వస్తే క్యాన్సర్ వైద్యునితోనే ఆ మాట చెప్పాలి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్‌లో తెలుగులోనే మాట్లాడవచ్చు.

పరీక్ష నాటి పొద్దున అక్క ఆ పద్యాన్ని ఈసారి ఆగకుండా, కొంచెం గట్టిగానే చదివింది. పుస్తకం మూసి, ఫైలు సంచి చంకకు తగిలించుకుని, "గుండె దడగానే ఉందిరా. పద, ఎనిమిదింటికల్లా రమ్మన్నారు" అంది.