కారు రెంట్‌కి తీసుకునేటప్పుడు ఎక్సెస్ ఇన్సూరెన్స్ ముందే బయట కొనుక్కోండి

సమ్మర్ హాలిడేస్ దగ్గర పడ్డాయంటే చాలు, ఇక్కడ యూకేలో మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో స్కాట్లాండ్ ప్లాన్లు మొదలవుతాయి. ఎడిన్‌బరా ఎయిర్‌పోర్ట్‌లో కారు తీసుకుని గ్లెన్‌కో మీదుగా ఐల్ ఆఫ్ స్కై. అందరూ కారు రోజుకి ఎంత అనేదే అడుగుతారు గానీ ఎక్సెస్ ఎంత అని ఒక్కరూ అడగరు, అందుకే ఇది రాస్తున్నా.

కారుకి ఏదైనా అయితే మన జేబులోంచి కట్టాల్సిన వాటానే ఎక్సెస్. యూకే, యూరప్‌లో మామూలుగా రెంట్‌లోనే సీడీడబ్ల్యూ (కొలిజన్ డ్యామేజ్ వేవర్, అంటే కారు డ్యామేజీకి మనం కట్టేదానికి పరిమితి పెట్టే కవర్) కలిపి ఉంటుంది, కాబట్టి అది కవర్ చేసే డ్యామేజీ ఎంత పెద్దదైనా మనం కట్టేది ఎక్సెస్ వరకే. కాకపోతే ఆ ఎక్సెస్సే 1000, 1500 పౌండ్లు ఉంటుంది, పెద్ద కారైతే ఇంకా ఎక్కువ.

కౌంటర్ దగ్గరికి వెళ్ళేసరికి మనం ఫ్లైట్ దిగి అలిసిపోయి ఉంటాం, పిల్లలు ఆకలి అంటుంటారు, వెనక క్యూ ఉంటుంది, సరిగ్గా అప్పుడే రోజుకి ఇంకో 20 పౌండ్లు కడితే ఎక్సెస్ జీరో అంటారు. ఆ ఎక్సెస్‌ని మనకి తిరిగిచ్చే పాలసీ బయట వేరే ఇన్సూరెన్స్ కంపెనీలో ముందే కొన్నామని చెబితే అది మా దగ్గర చెల్లదు అంటారు, మా ఆయన కూడా ఆ మాటకి ఒక్క నిమిషం తటపటాయించారు. చెల్లదు అంటే మన పాలసీకీ వాళ్ళకీ సంబంధం లేదు అని, అంతే. దెబ్బ తగిలితే వాళ్ళు మన కార్డు మీద డబ్బు తీసుకుంటారు, మనం ఆ బిల్లు పెట్టి ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గర వెనక్కి తెచ్చుకుంటాం. బయట ఇదే కవర్ రోజుకి 3 నుంచి 5 పౌండ్లకి దొరుకుతుంది, ఏడాదికి కలిపి తీసుకుంటే 50 అటూ ఇటూ.

పైగా కౌంటర్‌లో అమ్మే కవర్‌లో చాలాసార్లు టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం, పైకప్పు ఉండవు, బయటి పాలసీల్లో ఎక్కువగా ఉంటాయి. స్కైలో ఒక్క బండే పట్టే సింగిల్ ట్రాక్ రోడ్లు, ఎదురుగా బండి వస్తే పాసింగ్ ప్లేస్‌లోకి జరగాలి, అక్కడ రోడ్డు అంచు విరిగి రాళ్ళు తేలి ఉంటాయి. మాకు ఎడమవైపు ముందు అలాయ్ వీల్ గీసుకుంది అలాగే. రిటర్న్‌లో రెంటల్ కంపెనీ అతను వంగి, రిమ్ మీద వేలితో తడిమి చూసి షీట్‌లో రాసుకున్నాడు, రిపేర్‌కీ అడ్మిన్ ఫీజుకీ కలిపి కార్డు మీద లాగారు. రెంటల్ అగ్రిమెంట్, డ్యామేజ్ రిపోర్ట్, ఇన్‌వాయిస్, కార్డ్ స్టేట్‌మెంట్ పంపితే క్లెయిమ్ మొత్తం వచ్చింది. అందుకే కారు తీసుకునేటప్పుడూ ఇచ్చేటప్పుడూ నాలుగు చక్రాలు, అద్దం, పైకప్పు కనపడేలా వీడియో తీయండి, ఫైనల్ బిల్లు చేతికొచ్చేదాకా ఒక్క కాగితం కూడా పారేయొద్దు.

క్రెడిట్ కార్డు సంగతి మర్చిపోకండి. కౌంటర్ కవర్ వద్దన్నప్పుడు చాలాచోట్ల ఎక్సెస్ అంత మొత్తాన్ని, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ, కార్డు మీద హోల్డ్ పెడతారు, అంటే కారు తిరిగిచ్చేదాకా అంత లిమిట్ ఆపి ఉంచుతారు, కార్డు కూడా మెయిన్ డ్రైవర్ పేరు మీదే ఉండాలి, ఫ్లైట్లకీ హోటల్‌కీ లిమిట్ అయిపోయి ఉంటే కారు చేతికి రాదు.

పాలసీ కారు తీసుకోకముందే కొనాలి, మెయిన్ డ్రైవర్ పేరు మీద కొనాలి. అగ్రిమెంట్‌లో పేరు లేనివాళ్ళు నడిపితే క్లెయిమ్ రాదు. యూకేలో ఉండేవాళ్ళకి అమ్మే పాలసీ ఇండియా నుంచి చూడ్డానికొచ్చిన తమ్ముడి పేరు మీద పనికిరాకపోవచ్చు, రెసిడెన్సీ రూల్ చదవండి. ఒక్కో రెంటల్ ఎన్ని రోజులు దాటకూడదో కూడా రాసి ఉంటుంది, క్యాంపర్‌వ్యాన్ అయితే విడిగా అడగాలి.

అమెరికా వెళ్ళేవాళ్ళు మాత్రం దీన్నే నమ్ముకుని వెళ్ళకండి. అక్కడ రెంట్‌లో సీడీడబ్ల్యూ కలిపి లేకపోతే ఎక్సెస్ అనేదే ఉండదు, కారు మొత్తం ఖరీదు మన మీదే పడుతుంది, ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి లయబిలిటీ కవర్ కూడా వేరేగా చూసుకోవాలి.