స్టెరాయిడ్ ఒళ్ళు: నీరెంత, కొవ్వెంత? (నా అనుభవం)

నాకు వచ్చింది నెఫ్రోటిక్ సిండ్రోమ్. బయాప్సీ చేస్తే మినిమల్ చేంజ్ డిసీజ్ అని తేలింది. కిడ్నీ జల్లెడలోంచి ప్రొటీన్ మూత్రంలోకి కారిపోతుంది, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పడిపోతుంది, ఒంటికి నీరు పడుతుంది. మందు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. కిలోకి ఒక మిల్లీగ్రాము లెక్కన రోజుకి 60 మి.గ్రా., పొద్దున టిఫిన్ తిన్నాక ఒకేసారి. ప్రొటీన్ పోవడం ఆగాక కూడా రెండు వారాలు అదే డోసు, అక్కడి నుంచి మెట్లు మెట్లుగా దించుతూ మొత్తం 24 వారాలు.

నా మామూలు బరువు 63 కిలోలు. జబ్బు బయటపడ్డ రోజు 71. నాలుగో వారానికి 61.5. పదో వారానికి 66. 71 కి ఎక్కించింది నీరు. 61.5 కి దించింది ఆ నీరు పోవడమే, దానితో పాటు కాస్త కండ కూడా పోయింది. 66 కి తెచ్చింది కొవ్వు. "స్టెరాయిడ్ వేసుకుంటే లావెక్కుతారు" అని ఊరంతా ఒకే మాట అంటుంది గానీ మిషన్ మీద కనిపించేది మూడు వేర్వేరు సరుకుల మొత్తం. నీటికి ఉప్పు తగ్గించాలి, కొవ్వుకి అన్నం, నూనె తగ్గించాలి, కండకి ఒళ్ళు వంచాలి. ఏది పెరిగిందో తెలియకుండా తిండి మానేస్తే నీరు అలాగే ఉంటుంది, ఉన్న కండ కూడా కరుగుతుంది.

అందుకని ముందు తూకం పద్ధతిగా ఉండాలి. లేచి, మూత్రానికి వెళ్ళొచ్చి, కాఫీ కూడా తాగకముందు, రోజూ ఒకే రకం పల్చటి బట్టలతో, ఒకే మిషన్ మీద. మిషన్ గచ్చు మీదే ఉండాలి, చాప మీద పెడితే అంకె తప్పుతుంది. రూళ్ళ నోట్ బుక్కులో గడులు గీసుకున్నాను: తేదీ, బరువు, మూత్రం స్ట్రిప్ (మూత్రంలో ప్రొటీన్ ఉందో లేదో రంగుతో చూపే పట్టీ), డోసు, వారానికోసారి బొడ్డు దగ్గర చుట్టుకొలత. కొవ్వు సంగతి ఏడు రోజుల సగటులో తెలుస్తుంది. నీటి సంగతి రెండు రోజుల తేడాలోనే తెలిసిపోతుంది. ఒక్క రోజులో కిలో దాటినా, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా అది నీరే. కిలో కొవ్వు పట్టాలంటే ఖర్చయ్యేదానికన్నా దాదాపు 7,700 కేలరీలు ఎక్కువ తినాలి. రెండు పూటలా పెళ్ళిభోజనం చేసినా ఒక్క రోజులో అంత ఎక్కదు.

రెండో పరీక్షకి వేలు చాలు. మోకాలికీ మడమకీ మధ్య, ముందువైపు ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు గట్టిగా అదిమి తీయండి. గుంట పడి అలాగే ఉంటే నీరు. స్టెరాయిడ్ వల్ల వచ్చిన గుండ్రటి ముఖం నొక్కితే గుంట పడదు, పొద్దునా సాయంత్రమూ ఒకేలా ఉంటుంది. నీరు పట్టిన ముఖమైతే లేవగానే కనురెప్పలు ఉబ్బి ఉంటాయి, మధ్యాహ్నానికి దిగుతాయి, సాయంత్రానికి ఆ వాపు పాదాలకి చేరుతుంది. ఒక విషయం మాత్రం ఆలస్యం చేయకూడదు: ఒక కాలే ఎక్కువ వాచి, పిక్క నొప్పెడితే అది మామూలు నీరు కాకపోవచ్చు. ఈ జబ్బులో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ఆయాసం కూడా ఉంటే నిమిషం ఆగకూడదు.

ఇక స్ట్రిప్. పొద్దుటి మొదటి మూత్రంలో ముంచి తీసి, అంచుకి ఆనించి అదనపు చుక్క వదిలించి, 60 సెకన్లకి డబ్బా మీద రంగులతో పోల్చాలి. పసుపు ఉంటే ప్రొటీన్ లేదు, ఆకుపచ్చ ముదిరేకొద్దీ 1+, 2+, 3+. వరసగా మూడు రోజులు 3+ వస్తే జబ్బు తిరగబెట్టినట్టు లెక్క. వానాకాలం డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే తేమకి స్ట్రిప్పులు పాడై లేనిపోని రంగులు చూపిస్తాయి. కొత్త డబ్బా తెరిచిన తేదీ మూత మీద రాసి పెట్టుకోండి. బరువు పెరిగి స్ట్రిప్ పసుపుగానే ఉంటే తిండి వైపు చూడాలి. బరువూ పెరిగి స్ట్రిప్ కూడా ఆకుపచ్చగా మారితే డాక్టర్ వైపు చూడాలి.

ఉప్పు దగ్గరే ఎక్కువమంది ఓడిపోతారు. రోజుకి 5 గ్రాములకి మించకూడదన్నారు. అది తల కొట్టిన ఒక టీస్పూను, అందులో సోడియం 2 గ్రాములు. "ఉప్పు తగ్గించి వండాం" అనే మాటకి ఏ లెక్కా ఉండదు, కాబట్టి పొద్దున్నే మూత ఉన్న చిన్న డబ్బాలో 4 గ్రాములు తూచి పోసుకునేవాణ్ణి. మిగతా గ్రాము పాలూ పెరుగుల్లో, కొన్న తిండిలో ఎలాగూ వస్తుంది. ఇంట్లో పప్పు, కూర ఉప్పు లేకుండా వండి, నా వాటా తీసి పక్కన పెట్టాక మిగతాదాంట్లో ఉప్పు వేసేవారు. ఇడ్లీ పిండిలో కూడా అంతే. నా గిన్నెలోకి డబ్బాలోంచి చిటికెడు, అది కూడా తినే ముందు పైన చల్లుకోవడమే. ఉడికేటప్పుడు కలిపినదానికన్నా పైన చల్లిన ఉప్పు నాలుకకి ఎక్కువ తెలుస్తుంది. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకి ఉప్పు అయిపోయినట్టే.

ఉప్పు బదులు చింతపండు, నిమ్మకాయ వాడమని అందరూ చెబుతారు. మన వంటకి ఇది సగమే పనికొస్తుంది. పులుపు పెరిగితే ఉప్పు అడుగుతుంది. ఉప్పు లేని గోంగూర, ఉప్పు లేని పులుసు నోట పెట్టలేం. సహజంగా తియ్యదనం ఉన్న బీరకాయ, పొట్లకాయ, ఆనపకాయ పాలు పోసి వండితే ఉప్పు లేని సంగతి అంతగా తెలియదు. పెసరపప్పులో వెల్లుల్లి, మిరియాలు, దోరగా వేయించిన జీలకర్ర దంచి వేస్తే సరిపోతుంది. నిమ్మరసం వేపుడు మీద పిండితే బాగుంటుంది, పప్పులో కాదు. ఆవకాయ ఒక్క చెంచా వేసుకున్నా ఆ పూట ఉప్పంతా అందులోనే అయిపోతుంది. అప్పడం, వడియం, కారప్పొడి, వంటసోడా పడిన పునుగులు, బ్రెడ్డు, బిస్కెట్టు అన్నీ ఉప్పు ఖాతాలోకే వస్తాయి. "లో సోడియం ఉప్పు" అని అమ్మేదాన్ని మాత్రం ముట్టుకోవద్దు. అందులో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. కిడ్నీ జబ్బున్నవాళ్ళకి, పైగా రామిప్రిల్, టెల్మిసార్టన్ లాంటి బీపీ మాత్రలు వాడేవాళ్ళకి పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదం. నీరు పోవడానికి డాక్టర్ రాసే ఫ్యురోసెమైడ్‌ని బరువు తగ్గే మాత్ర అనుకుని దాచిపెట్టి సొంతంగా వేసుకోవడం కూడా అలాంటి పనే. ఒక్క పిసరు కొవ్వు కూడా కరగదు, పొటాషియం పడిపోతుంది.

నీరు పోయాక మొదలవుతుంది ఆకలి. ఇది మామూలు ఆకలి కాదు. కడుపు నిండా తిన్న ముప్పావుగంటకే మళ్ళీ ఆవురావురుమంటుంది, ముఖ్యంగా సాయంత్రం నాలుగింటికి, రాత్రి పదింటికి. మనసు గట్టి చేసుకుంటే సరిపోతుందనుకోవడం భ్రమ, అది మందు చేయించే పని. ఎక్కువ డోసులో ఉన్నన్నాళ్ళు బరువు తగ్గాలని పెట్టుకోకూడదు, ఉన్నచోట నిలబెడితే చాలు. నేను పదో వారంలో లెక్క మొదలుపెట్టి పదహారో వారం దాకా 66 దగ్గరే నిలిపాను. తగ్గడం 15 మి.గ్రా. కిందికి వచ్చాకే మొదలైంది.

మన భోజనంలో ఒక చిక్కుంది. అన్నం ఒక్కసారి పెట్టుకోం. పప్పులోకి కొంత, చారులోకి కొంత, పెరుగులోకి కొంత. ప్రతిసారీ "కొంచెమే" అంటూనే మూడు కప్పులవుతుంది. పూటకి 60 గ్రాముల బియ్యం అని పెట్టుకున్నాను. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పుకి సుమారు 150 గ్రాములు పడతాయి కాబట్టి అందులో సగానికన్నా తక్కువ. ఉడికితే సుమారు 170 గ్రాములు. ఆ అన్నమంతా మొదటే కంచంలో పెట్టుకుని మూడు భాగాలు చేసుకోవాలి, గిన్నె మళ్ళీ తెరవకూడదు. దానికి ముందు కంచంలో సగం కూర, ఒట్టిగా తినేయాలి. నూనె రోజుకి 15 మి.లీ., అంటే నెలకి అరలీటరు ఒక్కరికి. ఈ లెక్క ఇంట్లోవాళ్ళకి నచ్చదు. వేపుళ్ళు వారానికి రెండుకి దిగిపోతాయి.

నాలుగింటి ఆకలికి చేతికందేలా ముందే సిద్ధం చేసుకోవాలి, లేకపోతే చెయ్యి చిరుతిళ్ళ డబ్బాలోకే పోతుంది. ఉప్పు లేని వేయించిన శనగలు ఒక గుప్పెడు (30 గ్రాములు), కీరదోస, సగం జామకాయ, పెద్ద గ్లాసు పల్చటి మజ్జిగ, ఇవే నాకు పనిచేశాయి. మరమరాలు పనిచేయలేదు. బొచ్చెడు తిన్నా ఇరవై నిమిషాలకి మళ్ళీ మొదలు. రాత్రి ఆకలిలో సగం నిద్ర పట్టకపోవడమే. మాత్ర పొద్దున ఎనిమిదిలోపు పడితే అది కాస్త తగ్గుతుంది. ఖాళీ కడుపున మాత్ర వేసుకుని మధ్యాహ్నం దాకా ఉపవాసం ఉండే పద్ధతులు ఈ మందుతో కలవవు, కడుపులో మంట మొదలవుతుంది.

"ప్రొటీన్ ఎక్కువ తినండి" అనే మామూలు స్టెరాయిడ్ సలహా నెఫ్రోటిక్‌కి వర్తించదు. కండ నిలవాలని జిమ్ పౌడర్లు తాగితే కిడ్నీ మీద భారం, మూత్రంలో ప్రొటీన్ ఇంకా ఎక్కువ పోతుంది. నాకు చెప్పింది కిలోకి 0.8 నుంచి 1 గ్రాము, అంటే రోజుకి 50 నుంచి 60. రెండు పూటల బియ్యంలో 8, కందిపప్పు 40 గ్రాముల్లో 9, గుడ్డులో 6, పాలూ పెరుగూ కలిపి 300 మి.లీ.లో 10, శనగల్లో 6, టిఫిన్‌లోనూ కూరల్లోనూ మిగతాది. చికెన్ తిన్న రోజు గుడ్డు ఉండదు. స్టెరాయిడ్ ఎముకని కూడా తింటుంది కాబట్టి కాల్షియం, విటమిన్ డి డాక్టర్ రాసినట్టు వాడాలి.

షుగర్ సంగతి చాలామంది పరగడుపున చూసి "నార్మల్" అని వదిలేస్తారు. పొద్దున వేసుకున్న ప్రెడ్నిసొలోన్ షుగర్‌ని మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పెంచుతుంది, తెల్లారేసరికి అది మళ్ళీ దిగిపోతుంది. మధ్యాహ్న భోజనమయ్యాక రెండు గంటలకి చూడాలి. 200 దాటుతూ ఉంటే వెంటనే చెప్పాలి. దాహం వేస్తూ, రాత్రి నాలుగైదు సార్లు లేస్తూ బరువు తగ్గుతుంటే సంబరపడకండి. అది పథ్యం ఫలితం కాదు, షుగర్ పెరిగిపోతే ఒళ్ళు కరగడం. భోజనమయ్యాక పావుగంట నడిస్తే ఆ ఎక్కుడు కొంత తగ్గుతుంది.

కండ పోతోందని మిషన్ చెప్పదు, నేల చెబుతుంది. కింద కూర్చుని చెయ్యి ఆనించకుండా లేవలేకపోవడం, మెట్ల దగ్గర రెయిలింగ్ వెతకడం, తల దువ్వుకుంటే చేతులు లాగడం, ఇవి తొడ, భుజం కండలు సన్నబడుతున్న గుర్తులు. పొట్ట పెరుగుతూ కాళ్ళు సన్నబడటం స్టెరాయిడ్ ఒంటి తీరు. కుర్చీలోంచి చేతులు కట్టుకుని లేచి కూర్చోవడం పదిసార్లు, రోజుకి రెండు విడతలు. ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు లేవగలిగానో వారానికోసారి పుస్తకంలో రాసుకునేవాణ్ణి: 8 తో మొదలై 14 కి వచ్చింది. గెంతులు, బరువైన డంబెల్సు వద్దు, ఎముక బలహీనంగా ఉండే రోజులవి. కాళ్ళ వాపు ఉంటే, పడుకున్నప్పుడు కాళ్ళ కింద దిండు పెట్టుకోవాలి.

ఇక డోసు. అద్దంలో ముఖం చూసుకుని మాత్ర మానేయాలనిపించడం అందరికీ ఉండేదే. మూడు వారాలు దాటి వాడాక కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథి తన సొంత కార్టిసాల్ (ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్) చేయడం తగ్గించేస్తుంది. ఒక్కసారిగా ఆపితే నీరసం, వాంతులు, బీపీ పడిపోయి కళ్ళు తిరగడం, ప్రాణం మీదికి రావచ్చు. నా చార్టులో 60 తర్వాత రెండేసి వారాలకి 50, 40, 30, 20, అక్కడి నుంచి 15, 10, 7.5, 5, 2.5. ఈ మెట్లు అందరికీ ఒకటి కావు, మీ చార్టు మీ డాక్టర్ రాసిందే. దించేటప్పుడు కీళ్ళ నొప్పులు, ఒళ్ళు బరువు మామూలే. ప్రెడ్నిసొలోన్ మాత్రలు (వైసొలోన్ గానీ ఒమ్నాకార్టిల్ గానీ) 5, 10, 20, 40 మి.గ్రా.ల్లో దొరుకుతాయి. మెడికల్ షాపులో 5 అడిగితే 10 ఇచ్చారొకసారి. డోసు దిగాల్సిన వారంలో రెట్టింపైంది, నాలుగు రోజుల తర్వాత మాత్రల అట్ట వెనక చదివాక గాని తెలియలేదు. కొన్నచోటే అట్ట మీద అంకె చదువుకోండి, మిగిలిన పాత అట్టల్ని వేరే డబ్బాలో పెట్టండి. విడిగా ఒక మాట: మోకాళ్ళ నొప్పికో ఆయాసానికో ఎవరో ఇచ్చిన పేరులేని పొడి "అద్భుతంగా పనిచేసి" ముఖం గుండ్రమైతే, అందులో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చని అనుమానించండి. దాన్ని కూడా ఉన్నపళాన మానేయకుండా డాక్టర్‌కి చూపించాలి.

ఆకలి 20 మి.గ్రా. దగ్గర సగానికి తగ్గింది. పొట్ట 10 కిందికి వచ్చాక. ముఖం అన్నిటికన్నా ఆఖరున, మాత్ర ఆగిన రెండు నెలలకి. 24 వ వారం పుస్తకంలో బరువు 64, స్ట్రిప్ పసుపు. బరువు ఇప్పుడు వారానికోసారే చూస్తున్నాను. స్ట్రిప్ మాత్రం వారానికి రెండుసార్లు, జలుబు చేస్తే తగ్గేదాకా రోజూ. ఈ జబ్బు తిరగబెట్టేది ఎక్కువగా జలుబు, దగ్గు వెంటే.