తోటలో కోయ్ కొలను: గులకరాళ్లు ఎక్కడ వేయాలి, ఎక్కడ వేయకూడదు

రంగురంగుల కోయ్ చేపలు పెంచే కొలను సహజంగా కనిపించాలని చాలామంది దాని అడుగంతా గులకరాళ్లు పరిచేస్తారు. కొన్నాళ్లు చూడముచ్చటగానే ఉంటుంది. తర్వాత రాళ్ల సందుల్లో చేపల మలం, మిగిలిన మేత, రాలిన ఆకులు చేరి కుళ్లుతాయి. ఒక రాయి కదిపితే చాలు, నల్లటి బురద లేస్తుంది, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. కోయ్ కొలనుకు అడుగు నున్నగా, మధ్యకు వాలుగా ఉండాలి. ఆ మధ్యలో 4 అంగుళాల బాటమ్ డ్రెయిన్, అంటే అడుగు మురికిని నీళ్లతో సహా బయటికి తీసుకెళ్లే గొట్టం ఉండాలి. రాళ్ల చోటు గట్టు మీద, ఫిల్టర్‌లో.

కాబట్టి ఫిల్టర్ సంగతి గొయ్యి తవ్వకముందే తేల్చుకోండి. డ్రెయిన్ తర్వాత వేయించాలంటే అడుగు పగలగొట్టాల్సిందే.

పొడవు, వెడల్పు, లోతు అడుగుల్లో కొలిచి, మూడూ గుణించి, వచ్చినదాన్ని 28.3తో హెచ్చవేస్తే లీటర్లు వస్తాయి. 12 × 8 × 4 అడుగులకు దాదాపు 10,900. గట్టు వంపులకు 15 శాతం తీసేస్తే 9,000 పైచిలుకు. ఈ నీరంతా గంట, మహా అయితే రెండు గంటలకోసారి ఫిల్టర్ చుట్టి రావాలి. అలాగని గంటకు 9,000 లీటర్లు తోడే పంపు కొంటే చాలదు. డబ్బా మీద ఉండేది నీళ్లు పైకి ఎక్కించనప్పటి అంకె. 12,000కు పైబడినది చూసి, పంపు చార్టులో 6 అడుగుల ఎత్తు దగ్గర ఎంత ఇస్తుందో చదవండి. ‘10,000 లీటర్లకు సరిపోతుంది’ అని అమ్మే ప్రెషర్ ఫిల్టర్‌ని (ఒత్తిడితో నీళ్లు పంపే మూసిన డబ్బా ఫిల్టర్) కోయ్‌కి 5,000 లీటర్లదిగానే లెక్కేసుకోండి. కోయ్ తిండి అలాంటిది మరి.

పచ్చగా, సహజంగా కనిపించేది బాగ్ ఫిల్టర్, అంటే కొలను పక్కన మొక్కలు నాటిన కంకర మడి. కొలను వైశాల్యంలో 30 శాతం ఇవ్వండి. పై కొలతకు 30 చదరపు అడుగులు. అడుగున చిల్లులు పెట్టిన 2 అంగుళాల పీవీసీ పైపులు, వాటి మీద అడుగు మందాన 20 ఎం.ఎం. గులకరాళ్లు, పైన 4 అంగుళాల సన్నరాళ్లు. నీళ్లు కింద నుంచి పైకి ఊరి, గట్టు మీదుగా కొలనులోకి జారాలి. మెట్టతామర, చేమ, వస వేర్లు నైట్రేట్‌ను లాగేస్తాయి. చేపల మొప్పల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చేది మాత్రం రాళ్లకు పట్టే బ్యాక్టీరియా. అది కుదురుకోవడానికి ఐదారు వారాలు పడుతుంది, అప్పటిదాకా రెండు మూడు చేపలు, పిడికెడు కూడా కాని మేత.

ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. మురికి నీళ్లను నేరుగా మడిలోకి తోడితే ఏడాది రెండేళ్లలో కంకర పూడుకుపోతుంది, మళ్లీ తవ్వి కడగాలి. డ్రెయిన్ నీళ్లు ముందు 500 లీటర్ల ట్యాంకులోకి తమంతట తామే రావాలి. ట్యాంకు అంచు కొలను నీటి మట్టానికి 4 అంగుళాలు పైన ఉండాలి. కిందైతే పంపు ఆగగానే పొర్లుతుంది. అందులో బరువైన మడ్డి కూర్చుంటుంది. తేటనీళ్లు బ్రష్‌లున్న రెండో ట్యాంకుకు, అక్కడి పంపు నుంచి సగం మడికి, సగం నీటిని పచ్చగా మార్చే నాచును చంపే యూవీ దీపం గుండా, కొలనులోకి పడే జలపాతానికి. వారానికోసారి మడ్డి వాల్వ్ తిప్పి కొబ్బరి పాదుల్లోకి వదలండి, అంతకు మించిన ఎరువు లేదు. బ్రష్‌లు కొలను నీళ్లతోనే జాడించాలి. కుళాయి నీళ్లలోని క్లోరిన్ బ్యాక్టీరియాను చంపేస్తుంది.

ఇక వేసవి. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది, రాత్రుళ్లు మొక్కలూ దాన్నే వాడుకుంటాయి. కరెంటు పోతే పెద్ద పంపు ఆగినా ఫర్వాలేదు, 30-40 వాట్ల ఎయిర్ పంపు మాత్రం ఇన్వర్టర్ మీద తిరుగుతూ ఉండాలి. దాన్ని నీటి మట్టానికి పైనే బిగించండి. కింద పెడితే, ఆగినప్పుడు నీళ్లు గొట్టం వెంట వెనక్కి వచ్చి పంపులోకి చేరతాయి.