తిరుగుతూ కాల్చిన గుండు ఎడమకే ఎందుకు పోతోంది: రోబో ఆట, పదకొండో వారం

ఫిరంగి మోసే పెద్ద రోబోను ఆటగాడు నడిపే కంప్యూటరు ఆట ఒకటి తయారుచేస్తున్నాను. ఈ వారం అందులో కొత్తగా చేర్చినది ఏమీ లేదు. ఒకే ఒక్క తప్పు వారమంతా తినేసింది. నిన్న రాత్రి రెండు గంటలకు దాని మూలం దొరికింది కనుక ఆ ఉత్సాహం చల్లారకముందే రాసి పెడుతున్నాను.

ముందుగా, పోయిన వారం మిగిలిపోయిన సంగతి: సెకనుకు 1000 మీటర్లు పోయే గుండు ఒక్కో టిక్కుకు (ఆట తన లెక్కను సెకనుకు 60 సార్లు వేస్తుంది, అందులో ఒక్కో విడత ఒక టిక్కు) దాదాపు 16.7 మీటర్లు దూకుతూ, 4 మీటర్ల మందమున్న రోబోను తాకకుండానే దాటిపోయేది. పాత స్థానం నుంచి కొత్త స్థానానికి రేకాస్ట్ వేయడంతో, అంటే కనపడని గీత గీసి దారిలో ఏదైనా అడ్డుందా అని చూడటంతో, అది కుదిరింది.

ఇక అసలు గొడవ. రోబో నిలబడి కాల్చినప్పుడు 900 మీటర్ల దూరంలోని లక్ష్యానికి 20 గుండ్లకు 20 తగులుతున్నాయి. మొండెం కుడివైపుకు తిరుగుతుండగా, గురి సరిగ్గా లక్ష్యం నడుమకు వచ్చిన క్షణంలో కాల్చితే మాత్రం ఒక్కటీ తగలదు, అన్నీ ఎడమకే పోతాయి. దీన్ని మొదట పట్టుకున్నవాడు మహబూబ్‌నగర్‌లో ఉండే మా తమ్ముడు. "తిరుక్కుంట కొడితే ఒక్కటి గూడ తగుల్తలేదన్నా" అని ఫోన్ చేసినప్పుడు వాడి చేతి తొందర వల్ల అలా జరుగుతోందనుకున్నాను. ఆ అనుమానం తప్పు.

కొలవడానికి లక్ష్యం వెనుక 40 మీటర్ల వెడల్పున తెల్లటి గోడ నిలిపి, గుండు తగిలిన చోట ఎర్రటి చుక్క పడేలా చేశాను. జాయ్‌స్టిక్‌ను పక్కన పెట్టి మొండెం సెకనుకు 30 డిగ్రీల చొప్పున తిరిగేలా స్క్రిప్టు రాశాను. ఫిరంగిని భుజం మీద నుంచి తీసి మొండెం నడుమ రేఖ మీదికి మార్చి, దాని మూతిని తిరిగే ఇరుసుకు 3 మీటర్లు ముందు ఉంచాను. అందువల్ల పక్కవాటు తేడా ఉండదు. గాలి నిరోధం కూడా ఆపేశాను. 20 గుండ్ల సగటు 6.4 మీటర్లు ఎడమకు వచ్చింది, చుక్కలన్నీ ఒకదానిమీద ఒకటి పడ్డట్టు 10 సెంటీమీటర్ల లోపే ఉన్నాయి. ఇంత గుత్తంగా పడుతున్నాయంటే అది యాదృచ్ఛికం కానే కాదని అప్పుడే నమ్మకం కుదిరింది.

మొదట గురుత్వాకర్షణ లెక్కను అనుమానించాను. సెకనుకు 60 టిక్కుల దగ్గర, నేను వాడుతున్న పద్ధతిలో 0.9 సెకన్ల ప్రయాణానికి వచ్చే తప్పు 7 సెంటీమీటర్లే, అదీ కిందికి. తర్వాత తిరిగే వేగాన్ని 15 డిగ్రీలకు తగ్గించగా తేడా 3.2 మీటర్లకు, అంటే సరిగ్గా సగానికి పడింది. తిరిగే వేగాన్ని మళ్లీ 30 డిగ్రీలకు తెచ్చి, ఆటను నడిపే గోడో (Godot) ఇంజిన్‌లో టిక్కులను సెకనుకు 120కి పెంచగా తేడా 2.5 మీటర్లకు, 240కి పెంచగా అర మీటరుకు వచ్చింది. 240 దగ్గరే వదిలేద్దామనే ఆశ ఒక పూట కలిగింది కానీ నల్లగొండ ఎండలకు నా ల్యాప్‌టాప్ ఫ్యాను అప్పటికే ఊపిరాడనట్టు అరుస్తోంది. పైగా జబ్బు తెలియకుండా మందు వేయడం నాకు ఇష్టం లేదు.

సెకనుకు 30 డిగ్రీలంటే ఒక టిక్కుకు అర డిగ్రీ. 900 మీటర్ల దూరంలో అర డిగ్రీ అంటే 7.85 మీటర్లు. గొట్టం గురికంటే ఒక టిక్కు వెనుకబడటమే కారణమైతే తేడా 7.85 రావాలి, వస్తున్నది 6.4. ఆ 1.4 మీటర్లు ఎక్కడికి పోయాయో తెలియక రెండు రాత్రులు గడిచాయి. చివరికి గుండు వేగాన్ని 2000కు పెంచి చూశాను. వేగం పెరిగితే గుండు లక్ష్యానికి దగ్గరగా పడాలని ఎవరైనా అనుకుంటారు. తేడా 7.1కి పెరిగింది! ఆ అంకె చూడగానే లేచి నిలబడ్డాను. అంటే రెండు కారణాలు ఒకదానికొకటి ఎదురుగా పనిచేస్తున్నాయి, వాటిలో ఒకటి గుండు గాలిలో ఉండే సమయాన్ని బట్టి మారుతోంది.

ఇరుసుకు 3 మీటర్ల దూరంలో ఉన్న మూతి, మొండెం తిరుగుతుంటే సెకనుకు 1.57 మీటర్ల వేగంతో కుడికి కదులుతుంది. గుండుకు ఆ వేగం కూడా చేరేలా మూడో వారంలో నేనే రాసి మరిచిపోయాను. 0.9 సెకన్లకు అది 1.4 మీటర్లు. మిగిలినది నిజమైన తప్పు: గురిని మొండెం ప్రస్తుత దిశ నుంచి తీసుకుంటూ, గొట్టం దిశను మాత్రం తెర మీది రోబో బొమ్మను కదిలించే అస్థిపంజరంలోని ఎముక నుంచి తీసుకున్నాను. ఆ ఎముక కదిలేది కాల్పు లెక్క ముగిశాకే. దిశను మొండెం నుంచే తీసుకోగానే గుండ్లన్నీ లెక్క చెప్పినట్టు 1.4 మీటర్లు కుడికి పడ్డాయి.

ఆ 1.4 మీటర్లను చెరిపేయను. తిరుగుతున్న గొట్టం నుంచి వెలువడే నిజమైన గుండూ అలాగే పోతుంది, దాన్ని సవరించే పని ట్యాంకులోని కాల్పు కంప్యూటరుది. నా రోబోకూ అటువంటి కంప్యూటరు ఉంటుంది, అది దెబ్బతింటే ఆటగాడు తానే కాస్త ఎడమకు గురిపెట్టుకోవాలి. చాలా ఆటల్లో గురి తప్పడమంటే ఒక శంకువులో ఎటో ఒకవైపు గుండును విసరడమే. ఆ పద్ధతి నాకు నచ్చదు. తప్పితే ఎందుకు తప్పిందో ఆటగాడు నేర్చుకోగలగాలి. మెక్‌వారియర్ ఆన్‌లైన్ అనే రోబో ఆటలో రెండు చేతుల ఆయుధాలూ గురి కింది బిందువు దగ్గర తక్షణమే కలుస్తాయి, అది చేతికి హాయిగానే ఉంటుంది కానీ ఆయుధం బరువు తెలియదు. ఆర్మర్డ్ కోర్ అనే మరో రోబో ఆటలో లక్ష్యం మీద లాక్ పడితే గురి పని యంత్రానిదే అవుతుంది. 1984లో బోర్డు ఆటగా పుట్టిన బాటిల్‌టెక్‌లో ఏసీ/20 అనే భారీ ఫిరంగి దూరం 30 మీటర్ల గళ్లు తొమ్మిది, అంటే 270 మీటర్లే. బల్ల మీద ఆడే ఆటకు అది అవసరం. మన అర్జున్ ట్యాంకు 120 మిల్లీమీటర్ల ఫిరంగి కిలోమీటర్ల దూరంలో కొట్టగలుగుతుంటే, తెర మీది ఆటకు ఆ పరిమితి ఎందుకో నాకు అర్థం కాదు.

రోబో ఎత్తు 12 మీటర్ల దగ్గరే ఖాయం చేశాను. నాగార్జునసాగర్ గేటు ఎత్తు సుమారు 13 మీటర్లు కనుక, గేటు ముందు నిలబడితే దాదాపు దాని పైఅంచును అందుకుంటుంది. చూసినవాళ్లకు పరిమాణం వెంటనే అందుతోంది.

ఇక నడక. అడుగు నేలను తాకినప్పుడల్లా గొట్టం 0.3 డిగ్రీలు ఎగురుతోంది, 900 మీటర్ల దగ్గర అది 4.7 మీటర్లు. ట్యాంకుల్లో ఉన్నట్టు రెండు అక్షాల స్థిరీకరణ రాయాలి, ముందు పైకీ కిందికీ ఊగే కదలికకు. దానికి పరీక్షా స్థలంగా పానగల్లు చెరువు కట్ట లాంటి పొడవైన కట్టను ఇప్పటికే గీశాను. దాని మీద రోబోను నడిపిస్తూ మళ్లీ 20 గుండ్లు కాల్చి కొలుస్తాను. తమ్ముడు ఆదివారం నల్లగొండ వస్తున్నాడు, ఆ గుండ్లు వాడితోనే కాల్పిస్తాను.